బ్రేకు ఖర్చు వాయిదా వేస్తే మూల్యం చెల్లించేది ఎవరు?

నస్రుల్లాబాద్ పరిసర గ్రామాలలో ఒక ఇంటి ముందు పికప్ వాహనం నిలిచి ఉన్నదంటే, ఆ ఇంటి పొయ్యి చాలావరకు దాని మీదనే వెలుగుతున్నదని అర్థం. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటిని నమ్ముకొని వరి పండించే ప్రాంతం ఇది. కోతల కాలంలో ధాన్యం బస్తాలు, మిగిలిన రోజులలో కూరగాయలు, కిరాణా సరకులు, సిమెంటు, ఎరువులు. బక్రీద్ దగ్గరపడితే గొర్రెలు, మేకలు. పెళ్లిళ్ల కాలంలో మంచాలు, బీరువాలు, వంట డేగిషాలు. ఇవన్నీ బొలెరో పికప్‌లలో, టాటా ఏస్‌లలో, దోస్త్‌లలో బాన్సువాడకు, బోధన్‌కు, నిజామాబాద్‌కు ప్రయాణిస్తుంటాయి. తండ్రి పేరున బండి, కొడుకు చేతిలో స్టీరింగు, ఇంటి ఇల్లాలి చేతిలో లెక్క - ఇటువంటి కుటుంబాలు మన పాఠకులలో తక్కువేమీ కాదు.

బండి సంపాదించిన సొమ్ములో నుంచి ముందుగా కిస్తు పోతుంది. తరువాత డీజిలు, బీమా, టైర్లు, ఫిట్‌నెస్. ఇవన్నీ గట్టిగా అడిగి వసూలు చేసుకొనే ఖర్చులు. కిస్తు చెల్లించకపోతే మనిషి గుమ్మం ముందుకు వస్తాడు. డీజిలు పోయకపోతే బండి కదలదు. బ్రేకు అలా కాదు. ప్యాడ్లు అరిగినా బండి నడుస్తూనే ఉంటుంది, కిరాయి వస్తూనే ఉంటుంది. కనుకనే చాలా ఇళ్లలో మొట్టమొదట వాయిదా పడే ఖర్చు అదే అవుతున్నది. "ఈ సీజను గడవనీ, చూద్దాం" అనే మాటతో ఒక నెల రెండు నెలలవుతుంది, రెండు నెలలు సంవత్సరమవుతుంది.

ఈ వాయిదాలో ఒక అన్యాయం దాగి ఉన్నది. మిగిలిన డబ్బు యజమాని జేబులో ఉంటుంది. దాని వల్ల కలిగే ముప్పు మాత్రం అతనొక్కడిది కాదు. బడి వదలగానే రోడ్డు దాటే పిల్లవాడు, సైకిలు మీద పాల క్యానుతో వెళ్లే వృద్ధుడు, రోడ్డు అంచున వడ్లు ఆరబోసుకొన్న రైతు - ఈ ముప్పులో వారి అనుమతి లేకుండానే వారికి వాటా దక్కుతున్నది. తోటివారి హక్కు అనే మాటను మనం తరచుగా వింటాం. దారిన పోయే మనిషికి, మన బండి ఆగవలసిన చోట ఆగాలనే హక్కు ఉన్నది. కాబట్టి ఇంటి లెక్కలో బ్రేకు ఖర్చును బాకీల వరుసలో వ్రాసుకోవడమే న్యాయం.

బండి ఎలా ఆగుతుంది?

మన పికప్ వాహనాలలో సాధారణంగా ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. ముందు చక్రంతో పాటు ఒక ఇనుప పళ్లెం తిరుగుతుంది. అదే డిస్కు, కొందరు రోటర్ అంటారు. దానికి ఇరువైపులా రెండు ప్యాడ్లు ఉంటాయి. పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి క్యాలిపర్‌లోని పిస్టన్ కదిలి, ప్యాడ్లను డిస్కుకు అదిమి పట్టిస్తుంది. ఆ రాపిడిలో బండి వేగమంతా వేడిగా మారుతుంది. బ్రేకు చేసే పని ఇదే.

ఆ వేడి ఎంతో ఊహించుకోవడానికి ఒక చిన్న లెక్క. సరకుతో కలిపి 3 టన్నుల బరువున్న పికప్, గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆగితే పుట్టే వేడి, లీటరుకు పైగా నీటిని మరిగించడానికి సరిపోతుంది. ఇది ఒక్కసారి ఆగినందుకే. వేగం రెట్టింపయితే ఈ వేడి నాలుగు రెట్లవుతుంది. బరువు రెట్టింపయితే రెండు రెట్లవుతుంది. డిస్కు మందంగా ఉండడానికి కారణం ఇదే. ఆ వేడిని ముందు తనలో ఇముడ్చుకొని, తరువాత గాలికి వదిలిపెట్టవలసిన భారం దానిది. అరిగి పలచబడిన డిస్కు త్వరగా కాలిపోతుంది. అతిగా వేడెక్కిన ప్యాడ్ల పట్టు సడలుతుంది. ఉదయం ఖాళీ బండితో బాగానే ఆగిన పికప్, సాయంత్రం లోడుతో నాలుగు మలుపులు దాటాక ఎందుకు జారిందో ఇప్పుడు అర్థమవుతుంది.

మరొక లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న డ్రైవరు ప్రమాదాన్ని చూసి పెడల్ మీద కాలు వేసేలోపు, అంటే ఒక్క సెకనులో, బండి దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో ఆ తరువాత సుమారు 24 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 40 మీటర్లకు కొద్దిగా పైన. బ్రేకుల పట్టు సగానికి పడిపోతే ఆ దూరం 64 మీటర్లకు చేరుతుంది. మంచి బ్రేకులున్న బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తే ఆగడానికి పట్టే దూరం కూడా దాదాపు అంతే. అంటే, "నేను నెమ్మదిగానే నడుపుతాను" అని చెప్పే జాగ్రత్తపరుడైన డ్రైవరును కూడా చెడిన బ్రేకులు దూకుడు మనిషిగా మార్చివేస్తాయి.

బ్రేకు ముందుగానే చెబుతుంది

బ్రేకులు ఒక్క రోజులో చెడిపోవడం అరుదు. చాలాకాలం ముందు నుంచే అవి ఏదో ఒక విధంగా చెబుతూ ఉంటాయి. వినే చెవి ఉండాలి.

పెడల్ తొక్కినప్పుడు సన్నగా కీచుమనే శబ్దం వస్తే ప్యాడ్లను చూడవలసిన సమయం వచ్చిందన్నమాట. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప రేకు ఉంటుంది. ప్యాడు అరిగినప్పుడు అది డిస్కుకు తగిలి కూసేటట్లు తయారీదారులే దానిని అమర్చుతారు. ఆ కూత వినిపించినప్పుడు పాట శబ్దం పెంచే డ్రైవర్లున్నారు! కీచుశబ్దం పోయి గరగరమనే బరువైన శబ్దం మొదలైతే, ప్యాడ్ల మీది పదార్థం అయిపోయి, దాని వెనుకనున్న ఇనుప పలక డిస్కును చెక్కుతున్నదని గ్రహించాలి. ఆ క్షణం నుంచి ఖర్చు ప్యాడ్లతో ఆగదు. డిస్కు కూడా పోతుంది.

బ్రేకు వేసినప్పుడు పెడల్ గానీ స్టీరింగు గానీ వణికితే డిస్కు మందం అంతటా సమానంగా లేదని అనుమానించాలి. బండి ఒక పక్కకు లాగితే ఒకవైపు క్యాలిపర్ బిగుసుకుపోయి ఉండవచ్చు, లేదా ఒకవైపు ప్యాడ్లకు నూనె అంటి ఉండవచ్చు. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంటే గొట్టాలలో గాలి చేరిందో, ఆయిల్ కారుతున్నదో చూడాలి. ఇది ఆ రోజే ఆగి చూపించవలసిన లక్షణం.

ఒక సూచనను మాత్రం చాలామంది తమకు తెలియకుండానే మూసిపెడుతున్నారు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి. అందువల్ల డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం మెల్లగా తగ్గుతుంది. కారణం వెతకకుండా ఆయిల్ పోసి మట్టం సరిచేస్తే, ప్యాడ్ల అరుగుదలను చెప్పే సాక్షి నోరు నొక్కినట్లే. మట్టం తగ్గితే ముందుగా కారుడు ఉన్నదేమో చూడాలి, తరువాత ప్యాడ్లను చూడాలి, ఆ తరువాతనే సీసా మూత తీయాలి.

ప్యాడ్లు చాలునా, డిస్కు కూడా మార్చాలా?

గ్యారేజీలో అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. మిస్త్రీ డిస్కు కూడా మార్చాలంటే, "డబ్బు లాగుతున్నాడు" అన్న అనుమానం. మార్చనవసరం లేదంటే, "సరిగా చూశాడా" అన్న భయం. ఈ రెండింటి నుంచి బయటపడడానికి కొలత ఒక్కటే మార్గం.

కొత్త ప్యాడు మీద రాపిడి పదార్థం సాధారణంగా 10 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు చేరితే మార్చవలసిందే. రెండు రూపాయి నాణేలను ఒకదానిపై మరొకటి పెడితే వచ్చే మందం దాదాపు అంతే. లోపలి ప్యాడును తప్పక చూడాలి. బయటి ప్యాడు బాగున్నదని సంతృప్తి చెందితే మోసపోయే అవకాశముంది. క్యాలిపర్ జారే పిన్నులు తుప్పు పట్టినా, బురదతో బిగుసుకున్నా లోపలిది ముందుగా అరిగిపోతుంది. కేజ్‌వీల్ ట్రాక్టర్లు పొలాల నుంచి రోడ్ల మీదికి తెచ్చే బురదలో తిరిగే మన బండ్లకు ఇది సర్వసాధారణం.

డిస్కు విషయంలో ఊహకు తావు లేదు. ఉండవలసిన కనీస మందాన్ని తయారీదారులు చాలావరకు డిస్కు మీదనే అచ్చు వేస్తారు. లేకపోతే వాహనం సర్వీసు పుస్తకంలో ఉంటుంది. మైక్రోమీటరుతో నాలుగైదు చోట్ల కొలిచి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. చాలా వాహనాలలో కొత్త డిస్కుకూ పారవేయవలసిన డిస్కుకూ మధ్య తేడా రెండు మిల్లీమీటర్ల వరకే ఉంటుంది. కంటితో దానిని పసిగట్టలేము. మందం కనీస హద్దుకు దిగినా, నెర్రెలు కనిపించినా, గోరు చిక్కుకొనేంత లోతు గాళ్లు పడినా డిస్కును మార్చాలి. కొందరు లేత్ మీద చెక్కించి నున్నగా చేయిస్తారు. చెక్కిన తరువాత కూడా మందం హద్దుకు తగినంత పైన ఉంటేనే ఆ పని చెల్లుతుంది.

ప్యాడ్లయినా, డిస్కులయినా ముందు చక్రాలు రెండింటికీ ఒకేసారి మార్చాలి. ఒకవైపు కొత్తవి, మరోవైపు పాతవి ఉంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. సగం డబ్బు మిగిల్చిన చోటనే ప్రమాదాన్ని కొనితెచ్చుకొన్నట్లవుతుంది.

గ్యారేజీలో మన కళ్లు చూడవలసినవి

ఈ పనిని తెలిసినవారే చేయాలి. అయినా దగ్గర నిలబడి చూసే యజమానికి ఏది సరియైన పద్ధతో తెలిసి ఉండడం మేలు.

బండి సమతలమైన నేల మీద ఉండాలి. వెనుక చక్రాలకు అడ్డు పెట్టాలి. చక్రం నట్లను బండి నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేసి, ఆ తరువాత ఎత్తాలి. జాకీ కేవలం ఎత్తడానికే. ఎత్తిన బండిని గట్టి స్టాండు మీద నిలపాలి. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందికి తల పెట్టనివ్వకండి, ముఖ్యంగా పని నేర్చుకొంటున్న కుర్రవాళ్లను.

విప్పిన క్యాలిపర్‌ను దాని గొట్టం మీద వేలాడదీయకూడదు. తీగతో కట్టి పైన తగిలించాలి. లోపల దెబ్బతిన్న గొట్టం పైకి బాగానే కనిపించి, కష్టకాలంలో తెగుతుంది. పిస్టన్‌ను వెనుకకు నెట్టేటప్పుడు డబ్బాలోని ఆయిల్ పొంగుతుంది. ముందుగా మూత తీసి మట్టం చూసుకోవాలి. అది పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. పిన్నులను శుభ్రం చేసి, అధిక వేడిని తట్టుకొనే ప్రత్యేక గ్రీజును పలుచగా పూయాలి. ఆ గ్రీజు చుక్క కూడా ప్యాడు ముఖానికి అంటరాదు. కొత్త డిస్కు తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనరుతో పూర్తిగా తుడిచిన తరువాతనే దానిని బిగించాలి. డిస్కు కూర్చొనే హబ్బు మీద తుప్పును గీకి వేయాలి. అక్కడ మిగిలిన సన్నని తుప్పు పొర వల్లనే కొత్త డిస్కు కూడా కొన్నాళ్లకు వణకడం మొదలుపెడుతుంది.

బ్రేకు ధూళిని గాలిపైపుతో ఊదడం, నోటితో ఊదడం మన గ్యారేజీలలో అలవాటు. కొన్ని రకాల ప్యాడ్లలో, లైనింగులలో ఆస్బెస్టాస్ వాడేవారు. దాని ధూళి ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో తేల్చింది. తడిగుడ్డతో తుడవడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం పెద్ద ఖర్చు కాదు.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. డాట్ 4 రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. తేమ చేరిన తరువాత ఆ ప్రమాణం 155 డిగ్రీలకు దిగుతుంది. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు ఏర్పడి, పెడల్ నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు. కాబట్టి డబ్బా మూతపై సూచించిన రకాన్నే, మూత తెరవని సీసా నుంచి, రెండేళ్లకొకసారి మార్పించడం మంచిది.

అంతా బిగించిన తరువాత, చక్రం నట్లను ఎదురెదురు వరుసలో బిగించారా అని చూడండి. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే వరకు పలుమార్లు తొక్కాలి. ఇది మరచి రివర్సు గేరు వేస్తే మొదటి తొక్కులో బ్రేకు పట్టదు. తరువాత ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 వరకు, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్య చల్లారనిస్తూ ఎనిమిది పది సార్లు బ్రేకు వేస్తే కొత్త ప్యాడు డిస్కుకు అలవాటు పడుతుంది. ఆ రోజే నిండు లోడు ఎత్తకండి.

బరువు, మనుషులు

కొత్త బ్రేకులు వేయించిన బండికి కూడా ఒక హద్దు ఉన్నది. అనుమతించిన బరువును దృష్టిలో ఉంచుకొనే ఆ డిస్కును, ఆ ప్యాడ్లను తయారు చేశారు. మరో పది బస్తాలు ఎక్కించినప్పుడు అదనపు కిరాయి మనకు, అదనపు వేడి బ్రేకులకు. దిగుడులో డీజిలు మిగులుతుందని ఇంజిను ఆపివేయడం మరొక ప్రమాదకరమైన అలవాటు. పెడల్‌కు బలాన్నిచ్చే బూస్టరు ఇంజిను నడుస్తున్నంత సేపే శక్తిని పొందుతుంది. ఇంజిను ఆగిన తరువాత రెండు మూడు తొక్కులకే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

సరకు బండిలో మనుషులను ఎక్కించడం గురించి కూడా ఇక్కడ చెప్పక తప్పదు. 2022 మే 8న ఇదే కామారెడ్డి జిల్లా నిజాంసాగర్ మండలంలో, హసన్‌పల్లి గేటు వద్ద, మనుషులతో వస్తున్న ఒక చిన్న సరకు వాహనం, లారీ ఢీకొని తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ దుర్ఘటనను బ్రేకుల ఖాతాలో వేయడం మన ఉద్దేశం కాదు. వెనుక ట్రాలీలో కూర్చున్న మనిషికి సీటు లేదు, బెల్టు లేదు, పట్టుకోవడానికి కమ్మీ తప్ప మరేమీ లేదు. బ్రేకు ఎంత బాగా పనిచేస్తే, ఆగిన బండిలో నుంచి ఆ మనిషి అంత బలంగా ముందుకు విసిరివేయబడతాడు. మంచి బ్రేకు కూడా అతనిని కాపాడలేదు.

చట్టం వైపు నుంచి చూసినా ఇది భారమే. సరకు వాహనంలో ఉచితంగా ఎక్కిన ప్రయాణికులకు నష్టపరిహారం చెల్లించవలసిన బాధ్యత బీమా సంస్థకు లేదని 2002లో న్యూ ఇండియా అస్యూరెన్స్, ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సరకు యజమానికి, లేదా అతని ప్రతినిధికి మాత్రమే 1994 నాటి సవరణ రక్షణ కల్పిస్తున్నది. పెళ్లికో, పరామర్శకో బంధువులను ప్రేమతో ఎక్కించుకున్న యజమాని, జరగరానిది జరిగితే ఇల్లూ వాకిలీ అమ్ముకోవలసి వస్తుంది.

ఉస్తాదులకు ఒక మాట

మన పట్టణాలలోని గ్యారేజీలలో ఉస్తాదులుగా, వారి దగ్గర పని నేర్చుకొనే షాగిర్దులుగా మన పిల్లలు ఎందరో ఉన్నారు. బండి యజమాని తాళంచెవిని వారి చేతిలో పెట్టినప్పుడు ఒక అమానత్‌ను అప్పగిస్తున్నాడు. నకిలీ ప్యాడ్లు అసలు డబ్బాలో వస్తున్న కాలం ఇది. ధరలో కొద్దిపాటి తేడా కోసం వాటిని బిగించినవాడు ఆ అమానత్‌కు న్యాయం చేసినట్లు కాదు. మంచి ఉస్తాదుకు గుర్తులు మూడు: విప్పిన పాత ప్యాడును యజమాని చేతిలో పెట్టి చూపిస్తాడు, డిస్కును కొలిచి అంకె చెబుతాడు, బిల్లుపై భాగం పేరు వ్రాసి ఇస్తాడు. యజమాని కూడా బేరమాడవలసిన చోటు తెలుసుకోవాలి. కూలి దగ్గర మొండిగా బేరమాడి, "తక్కువలో అయిపోయేలా చూడు" అని వత్తిడి చేసినవాడే నకిలీ సరకుకు తలుపు తెరుస్తున్నాడు.

ఇంటి లెక్కలో ఒక వరుస

సరకు వాహనాలకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకొకసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ఆ పత్రం ఆ రోజు బండి ఎలా ఉన్నదో చెబుతుంది. మిగిలిన రోజులకు సాక్షులు ఇంటివారే.

ఇంటి ఖర్చుల పుస్తకంలో బ్రేకుల కోసం ఒక వరుస గీయండి. ప్రతి కిరాయి నుంచి చిన్న మొత్తం పక్కకు తీసి అందులో చేర్చండి. ప్యాడ్ల వంతు వచ్చేనాటికి సొమ్ము చేతిలో ఉంటుంది. అదే పేజీలో ప్యాడ్లు మార్చిన తేదీ, మీటరు మీది కిలోమీటర్లు, డిస్కు కొలత వ్రాసుకోండి. కోతలు మొదలు కావడానికి ముందు ఒకసారి, వానలు ముగిసిన తరువాత ఒకసారి చక్రాలు విప్పించి చూపించండి. బండిలో పక్కన కూర్చున్న తల్లి గానీ, భార్య గానీ "ఆ శబ్దమేమిటి?" అని అడిగితే డ్రైవరు విసుక్కోకూడదు. ఆ ప్రశ్న ఎదురుగా వచ్చే ఎవరి బిడ్డ ప్రాణాన్నో కాపాడవచ్చు.

ప్యాడ్ల ఖర్చు ఒక్కరోజు కిరాయితోనో, రెండు రోజుల కిరాయితోనో తీరిపోతుంది. వాటిని వాయిదా వేసి డిస్కును పోగొట్టుకుంటే ఆ ఖర్చు అనేక రెట్లవుతుంది. డిస్కును కూడా వాయిదా వేస్తే వచ్చే బాకీని తీర్చడానికి ఏ ఆదాయమూ సరిపోదు. ఈ వారమే ఒకసారి బండి ముందు చక్రం విప్పించి, లోపలి ప్యాడు మందం ఎంతున్నదో చూడండి.